తొమ్మిదో అంతస్తు తలుపు

కోడూరు సెంటర్లో జాకెట్లు కుట్టే ఒకామె కొట్లో పోయిన వేసవిలో మూడు వారాలపాటు రోజూ సాయంత్రం స్టూలు వేసుకుని కూర్చున్నాను. సోషల్ మాస్టారికి టైలరింగు పిచ్చి పట్టిందని ఊళ్ళో నవ్వుకున్నారు. మా ఆవిడైతే, "వచ్చేదాకా నేర్చుకోండి, నా చీరలకి ఫాల్సు కుట్టి పెడుదురుగాని" అంది. నాకు కావలసింది కుట్టడం కాదు. సూది విరిగితే ముక్క ఎటు ఎగురుతుంది, పొద్దుటినుంచీ వంగి కూర్చున్న మనిషి లేచేటప్పుడు ముందు ఏ చేతిని ఆసరా చేసుకుంటుంది, పక్కన మాట్లాడేది వినపడకపోతే ఎంత గట్టిగా అరవాలి, ఇవీ నాకు కావలసినవి. 1911లో న్యూయార్కులో తొమ్మిదో అంతస్తులో కూర్చుని జాకెట్లు కుట్టిన ఒక పిల్ల గురించి పిల్లల నవల రాస్తున్నానప్పుడు. ఆ పిల్ల నడుంనొప్పి నాకు కోడూరులో దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు.

పాతికేళ్ళుగా పగలు బడి, రాత్రి రాత. పెద్ద రచయితనేం కాదు. నా పుస్తకాలు జిల్లాలో కొన్ని బడుల లైబ్రరీ బీరువాల్లో ఉంటాయి, ఆ బీరువాల తాళాలు హెడ్మాస్టర్ల దగ్గర ఉంటాయి. మొదటిది బందరు మీద రాశాను. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ వచ్చింది, బందరులో ఫ్యాక్టరీ పెట్టారు అని పాఠంలో చెబితే పిల్లలు పొగగొట్టాలూ సైరన్లూ ఊహించుకునేవాళ్ళు. అక్కడ తయారయ్యేదేమీ లేదర్రా, సరుకు కొని దాచి ఓడకెక్కించే కోఠీని ఆ రోజుల్లో అలా పిలిచేవాళ్ళు, నేసేవాళ్ళూ అద్దకంవాళ్ళూ ఎవరిళ్ళ దగ్గర వాళ్ళు పనిచేసుకునేవాళ్ళు అని చెప్పడానికే ఆ పుస్తకం. రెండోది 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెన మీద. మూడోది రాయడానికి పదేళ్ళు పట్టింది. అది మా ఉప్పెన, 1977 నవంబరు 19. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు.

నీళ్ళ మీద రాసుకునేవాడికి నిప్పుతో ఏం పని అని స్నేహితులు అడిగారు. నేనుగా వెతుక్కుంటూ వెళ్ళలేదు. ఓ మార్చి 8న అవనిగడ్డలో సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. న్యూయార్కులో బట్టల ఫ్యాక్టరీ తగలబడి ఆడపిల్లలు చనిపోయారు, వాళ్ళ జ్ఞాపకంగానే మహిళా దినోత్సవం పుట్టింది అని ఎవరో చెప్పగా విన్నది నేనూ చెప్పేశాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక అనుమానం వచ్చి చదవడం మొదలెడితే, మహిళా దినోత్సవం కావాలని క్లారా జెట్కిన్ కోపెన్‌హేగన్ సభలో అడిగింది 1910లో. మొదటిసారి జరిపింది 1911 మార్చి 19న. ఫ్యాక్టరీ తగలబడింది ఆ తర్వాత ఆరు రోజులకి, మార్చి 25న. చరిత్ర మాస్టారిని అయ్యుండి నలుగురిలో అబద్ధం చెప్పానే అని సిగ్గేసింది. మరుసటేడు అదే వేదిక మీద తప్పు దిద్దుకున్నాను. అప్పుడు చప్పట్లు కొట్టలేదు. ఆ సిగ్గులోంచి మొదలైన చదువు నాలుగేళ్ళు నడిచి నవలయింది.

జరిగింది ముందు చెబుతాను. ట్రయాంగిల్ అని ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే కంపెనీ. లంగా మీద వేసుకునే గుండీల జాకెట్లు అవి, అక్కడ వాటిని షర్ట్‌వెయిస్టులు అనేవాళ్ళు. పదంతస్తుల యాష్ బిల్డింగులో పైన మూడూ ఆ కంపెనీవే. ఎనిమిదో అంతస్తులో బట్ట కత్తిరించడం, తొమ్మిదిలో కుట్టడం, పదిలో యజమానుల ఆఫీసు, ఇస్త్రీ, ప్యాకింగు. పనివాళ్ళలో ఎక్కువమంది యూదుల పిల్లలు, ఇటలీ పిల్లలు, ఓడ దిగి ఎన్నో ఏళ్ళు కాకుండానే మిషను ముందు కూర్చున్నవాళ్ళు. శనివారం, సాయంత్రం 4.40. ఇంకో అయిదు నిమిషాల్లో గంట కొట్టి వారం జీతం చేతికిచ్చి పంపేస్తారు. ఎనిమిదో అంతస్తులో కటింగు బల్ల కింద పోగేసిన పీలికల్లో నిప్పు పడింది. ఎవరో విసిరేసిన సిగరెట్టో అగ్గిపుల్లో అని అనుమానం. అరగంట తిరక్కుండా 146 మంది పోయారు. అందులో 123 మంది ఆడవాళ్ళు. అందరికంటే చిన్నవాళ్ళకి పద్నాలుగేళ్ళు, మా తొమ్మిదో క్లాసు వయసు.

పీలికల సంగతి నేను పుస్తకంలో చదివినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. కొట్లో కూర్చున్న రెండో రోజున ఆవిడ గోనెసంచి నిండా కటింగు ముక్కలు కుక్కి బయట పెడుతోంది. రోజూ ఎందుకమ్మా, వారానికోసారి పారేస్తే పోదా అన్నాను. "ఎట్టా కుదురుద్ది మాస్టారూ. ఎండాకాలం ఈ ముక్కల పక్కన నేను అగరొత్తి కూడా ఎలిగించను. దూది నయం, ఒకేసారి అంటుకుద్ది. ఇయ్యి లోపల్లోపల రాజుకుని మనం చూసేలోపు లేస్తయ్యి" అంది. ఆ కంపెనీలో పీలికలు కొనుక్కెళ్ళే మనిషి అంతకుముందు వచ్చింది జనవరిలో. రెండు నెలలపాటు పోగైన పల్చటి నూలుబట్ట ముక్కలు బల్లల కింద పెట్టెల్లో ఉన్నాయి. పైన తీగలకి కాగితపు నమూనాలు వేలాడుతున్నాయి. ఒక మిషను పెట్టుకున్న మా కోడూరు టైలరుకి తెలిసిన జాగ్రత్త, తొమ్మిదో అంతస్తొక్కదాంట్లోనే 240 మిషన్లు నడిపించిన యజమానులకి తెలియదంటే నేను నమ్మను.

ఎనిమిదో అంతస్తువాళ్ళు పదో అంతస్తుకి ఫోన్ చేసి చెప్పారు. తొమ్మిదికి కబురు అందలేదు. పదిలో ఉన్న యజమానులు మాక్స్ బ్లాంక్, ఐజాక్ హారిస్ డాబా మీదికెక్కి పక్క బిల్డింగులోకి దాటిపోయారు. అక్కడ లా చదువుకుంటున్న కాలేజీ కుర్రాళ్ళు నిచ్చెనలు దించి చాలామందిని లాగారు. తొమ్మిదో అంతస్తుకి రెండువైపులా మెట్లున్నాయి. గ్రీన్ స్ట్రీటు వైపు మెట్లు మంటల్లో మూసుకుపోయాయి. వాషింగ్టన్ ప్లేస్ వైపు తలుపుకి తాళం. సాయంత్రం అందరూ ఒకే దారిన పోవాలి, ఆ దారిలో కాపలావాడు ఒక్కొక్కరి చేతిసంచీ తెరిచి చూడాలి, జాకెట్టు ముక్క దొంగతనం చేశారేమోనని. రెండో తలుపు తీసుంటే ఇద్దరు కాపలావాళ్ళు కావాలి. అదండీ ఆ తాళం వెనక లెక్క.

నేను రాసిన మొదటి ప్రతిలో ఈ లెక్క అరపేజీ. మంటలు పదకొండు పేజీలు.

పదకొండు పేజీలూ బాగా రాశాననే అనుకున్నాను. బడిలో ఆఖరి పీరియడు చదివి వినిపించాను. నా పుస్తకాలన్నింటికీ మొదటి శ్రోతలు మా తొమ్మిదో క్లాసు పిల్లలే, డబ్బులివ్వక్కర్లేని సంపాదకులు. చదవడం అయ్యాక వెనక బెంచీ కుర్రాడు లేచి, "క్లైమాక్సు అదిరింది మాస్టారూ" అన్నాడు. పక్కవాడు చెయ్యి కలిపాడు. వాడి తప్పేం లేదు. సినిమాకి రాసినట్టు రాస్తే సినిమా చూసినట్టే చూస్తారు. ఉప్పెన పుస్తకంలో నేను ఈ తప్పు చెయ్యలేదు, ఎందుకంటే ఆ నీళ్ళు నాకు తెలుసు. ఈ నిప్పు తెలియదు. తెలియనిదాన్ని ఎక్కువగా వర్ణిస్తాం. ఆ పదకొండు పేజీలూ ఇప్పుడు లేవు.

నిప్పు అసలు తెలియదని కాదు. ఉప్పెన తర్వాత కూడా చాలా ఏళ్ళు మా వైపు తాటాకు ఇళ్ళే ఎక్కువ. రోహిణికార్తెలో ఒక పాక అంటుకుంటే వరస మొత్తం పోయేది. నా పన్నెండో ఏట మా వీధికి అలాగే జరిగింది. జనం కాలవ దగ్గర్నించి బిందెలు అందించుకున్నారు, అవతలి చూరు మీద తడిపిన గోనెలు పరిచారు, కొందరు ఇంకా అంటుకోని పాక కప్పు కొక్కేలతో లాగి పడేశారు. ఇళ్ళు పోయాయి, గేదె దూడ ఒకటి పోయింది. మనిషి పోలేదు. ఎందుకంటే తాటాకు ఇంటికి తాళం ఉండదు. తలుపు మూసున్నా తడిక తోసుకుని బయటపడొచ్చు. రెండో ప్రతి ఇక్కడ మొదలైంది. కథలో పాత్ర నిప్పు కాదు, తలుపు.

అంత ఎత్తు పిల్లలకి ఎలా చెప్పాలన్నది ఇంకో తంటా. మా ఊళ్ళో పిల్లలకి ఎత్తంటే వాటర్ ట్యాంకు, తుపాను షెల్టరు. లిఫ్టు అంటే విజయవాడ ఆస్పత్రిలో ఒకసారి ఎక్కింది. తొమ్మిదో అంతస్తు కిటికీ అని రాస్తే వాళ్ళకి ఏమీ కనపడదు. ఒక తాటిచెట్టు మీద ఇంకో తాటిచెట్టు నిలబెట్టి, పై చెట్టు మట్టల్లో కూర్చుని కిందకి చూడండి అని రాశాను. ఫైరింజను నిచ్చెన ఆరో అంతస్తు దాకానే వెళ్ళిందన్న మాట, పై చెట్టు మొదట్లోనే ఆగిపోయింది అని రాశాక అందింది. గోడకి బిగించిన ఇనప మెట్లు బరువుకి ఒరిగి కూలిపోయాయి. వాటికి తెలుగులో ఏం పేరు పెట్టాలో తెలియక షెల్టరు బయట మెట్లలాంటివి అన్నాను. అవి ఎందుకున్నాయో మా పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నా శిష్యుడొకడు న్యూజెర్సీలో ఉంటాడు. యాష్ బిల్డింగు ఇప్పటికీ ఉంది, న్యూయార్కు యూనివర్సిటీ క్లాసులు నడుస్తున్నాయి. 2023 అక్టోబరులో గోడకి చనిపోయినవాళ్ళ పేర్లతో స్టీలు పట్టీల స్మారకం కట్టారు. ఫోటోలు తీసి పంపరా అంటే వీడియోనే పంపాడు. చాలదు, మార్చి నెలాఖర్లో సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళి ఎండ ఏ గోడ మీద పడుతుందో చూసి చెప్పమన్నాను. "మాస్టారూ, అప్పుడూ మ్యాపులో కృష్ణ కరెక్టుగా గీయలేదని బెంచీ ఎక్కించారు, మీరు మారలేదు" అన్నాడు. వెళ్ళి చూశాడు కూడా. ఎండ సంగతి నవలలో ఒక్క వాక్యం.

రెండో ప్రతికి నేను బడిలో చేసిన పని ఒకటి చెప్పాలి, హెడ్మాస్టరుగారు ఇప్పటికీ గుర్తుచేస్తారు. తొమ్మిదో అంతస్తులో పొడుగాటి బల్లలు కిటికీ గోడకి ఆనించి ఉండేవి. ఆ చివర దారి లేదు, మధ్యలోంచి బయటికి రావాలంటే కుర్చీలూ బుట్టలూ దాటుకుంటూ ఇవతలి చివరికి రావాలి. చదివితే నాకు అర్థం కాలేదు. క్లాసులో బెంచీలన్నీ కిటికీ గోడకి ఆనించి, సంచులు దారిలో పడేసి, రెండు తలుపుల్లో ఒకటి గొళ్ళెం పెట్టి, విజిలేసి బయటికి రమ్మన్నాను. 41 మంది పిల్లలు. పొగలేదు, భయంలేదు, నవ్వులే. అయినా ఆఖరి పిల్ల బయటికొచ్చేసరికి నిమిషం మీద యాభై సెకన్లు. ఇద్దరు పడ్డారు, ఒకడి మోచెయ్యి గీసుకుంది, అరుపులు విని హెడ్మాస్టరుగారు పరిగెత్తుకొచ్చారు. ఏం జరుగుతోందండీ అంటే చరిత్ర పాఠం సార్ అన్నాను. ఆ గదిలో సుమారు 250 మంది ఉన్నారని అప్పుడు చెప్పాను పిల్లలకి. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రెండో తలుపు గొళ్ళెం కూడా తీసి మళ్ళీ చేశాం. ఈసారి నిమిషం లోపే. ఈ లెక్కలు మాత్రం కథలో పెట్టలేదు. పెట్టాలనిపించింది గానీ, అవి నా పిల్లలవి.

మా వైపు పిల్లలకి రాసేవాడు ఒక నియమం పెట్టుకోవాలనుకుంటాను. చనిపోయేవాళ్ళు ఎవరైనా సరే, ఆ పొద్దున వాళ్ళేం తిన్నారో ముందు రాయాలి. నవలలో మా పిల్ల చిన్నది, కల్పించినది, దానికి నేను పేరు కూడా పెట్టలేదు, పొట్టిది అంటారు అందరూ. ప్రతి వారం దాని జీతంలోంచి సూదికీ దారానికీ మినహాయింపు పోతుంది. ఫ్యాక్టరీ తగలబడడానికి ఏడాదికి పైగా ముందు, 1909 నవంబరులో క్లారా లెమ్లిక్ అనే ఇరవై మూడేళ్ళ పిల్ల సభలో లేచి ఇక మాటలు చాలు, సమ్మె చేద్దాం అంటే ఇరవై వేలమంది కుట్టుపనివాళ్ళు చలిలో వీధిలోకొచ్చారు. దెబ్బలు తిన్నారు, జైలుకెళ్ళారు. చిన్న కంపెనీలు చాలా దిగొచ్చి యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాయి. ట్రయాంగిల్ యూనియన్ని ఒప్పుకోలేదు. ఇదంతా నవల మొదటి సగం. మంటలకి ఇప్పుడు మిగిలింది మూడు పేజీలు. ఆ మూడు పేజీల్లో కూడా ఎక్కువ భాగం లిఫ్టు నడిపినవాళ్ళది. జోసెఫ్ జీటో అనే కుర్రాడు, తోటివాడు గాస్పర్ మోర్టిలారో లిఫ్టు కదిలినన్నిసార్లు పైకీ కిందకీ తిప్పి జనాన్ని దించారు.

ఇక కోర్టు సంగతి. నా పుస్తకానికి ప్రాణం అక్కడుంది, మంటల్లో కాదు.

యజమానుల మీద కేసు నడిచింది. ఆ తలుపుకి తాళం ఉందని వాళ్ళకి తెలుసా లేదా అన్నదే ప్రశ్న. కేట్ ఆల్టర్మన్ అనే పనిపిల్ల సాక్ష్యం చెప్పింది. తన స్నేహితురాలు మార్గరెట్ స్వార్జ్ ఆ తలుపు పిడి పట్టుకుని లాగుతూ అక్కడే చనిపోయిందని చెప్పింది. యజమానుల వకీలు మాక్స్ స్టూవర్ పేరుమోసినవాడు. ఆ పిల్లని గద్దించలేదు. మళ్ళీ చెప్పమ్మా అన్నాడు. చెప్పింది. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పింది. ప్రతిసారీ దాదాపు అవే మాటలు. ఒకచోట మాట మారితే, ఆ మాట వదిలేశావే అని తనే అందించాడు. చూశారా, ఇది ఎవరో నేర్పి బట్టీ పట్టించిన పాఠం అని జ్యూరీకి తోచేట్టు చేశాడు. 1911 డిసెంబరు 27న జ్యూరీ లోపలికెళ్ళి రెండు గంటలు కాకుండానే బయటికొచ్చి, యజమానులు నిర్దోషులంది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా పెద్దమ్మ గుర్తొచ్చింది. పాలకాయతిప్ప వైపు ఉండేది. ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుని తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఆమె చెప్పేది నాలుగు ముక్కలు. "నీళ్ళు నల్లగా లేచినయ్. చిన్నది చంకలో ఉంది. పెద్దోడు అమ్మా అన్నాడు. నా చెయ్యి జారింది." అంతే. పేపరువాళ్ళొస్తే అదే. పెళ్ళిలో చుట్టాలడిగితే అదే. నా మూడో పుస్తకం కోసం టేపురికార్డరు పెట్టి కూర్చున్నప్పుడు ఇంకాస్త చెబుతుందేమోనని నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ అవే నాలుగు ముక్కలు, అదే చోట ఊపిరి పీల్చడం. నాకు అప్పట్లో విసుగేసింది, సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఇన్నేళ్ళు చెప్పీచెప్పీ అరిగిపోయిందిలే అనుకున్నాను. పుస్తకంలో ఆ ముక్కల చుట్టూ నేనే ఏవేవో కల్పించి ఒక పేజీ చేశాను.

ఆ వకీలు నమ్మించింది తప్పని నాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో సాక్ష్యం ఉంది. అబద్ధం చెప్పేవాడు ప్రతిసారీ ఒక కొత్త ముక్క చేరుస్తాడు. నిజంగా చూసినవాళ్ళ దగ్గర మాటలు కొన్నే ఉంటాయి. వాటిని పట్టుకునే వాళ్ళు నిలబడి ఉంటారు, పెద్దమ్మ తుమ్మచెట్టు పట్టుకున్నట్టు. మార్చమంటే మార్చలేరు. రెండూ శనివారాలే, 1911 మార్చి 25, 1977 నవంబరు 19. ఊరికే కలిసింది, దానికి అర్థం లేదు. కానీ నా నవలలో కోర్టు అధ్యాయం రాసేటప్పుడు ఆ పిల్ల గొంతు మా పెద్దమ్మదే అయింది. ఆమె పోయి ఆరేళ్ళయింది. మూడో పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తే నేను చేర్చిన పేజీ తీసేసి ఆ నాలుగు ముక్కలే ఉంచుతాను.

నవలలో రెండు అధ్యాయాలు ఒక పిల్లల పత్రికకి పంపాను. సంపాదకుడు మర్యాదగా ఫోన్ చేశాడు. "రాత బాగుందండీ. కానీ పిల్లలకి చావులెందుకు? అదీగాక అమెరికా గొడవ మనకెందుకు? మన రాజుల కథలు రాయండి, వేసుకుంటాను." నేను చందమామ చదివి పెరిగినవాణ్ణి, రాజుల కథల రుణం నాకూ ఉంది. కానీ చరిత్ర కథ అనగానే కత్తీ గుర్రం తప్ప ఇంకేమీ రాకపోవడం తెలుగు పిల్లల పుస్తకాలకి పట్టిన జబ్బు. కోట తగలబడ్డ కథలు ఎన్నో చదివాం. కోట వంటశాలలో ఉన్నవాళ్ళు ఎటునుంచి బయటపడ్డారని ఒక్క కథా చెప్పలేదు. ఇక అమెరికా మాటకొస్తే, 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోడౌను అంటుకుంది. పైన నిద్రపోతున్న బీహారు కూలీలు 11 మంది పోయారు. కిందికి రావడానికి ఒక్కటే ఇరుకు మెట్లదారి, మంటలు ఆ కిందే. ఒకడు కిటికీలోంచి దూకి బతికాడు. 2014లో దీపావళికి మూడు రోజుల ముందు తూర్పుగోదావరి వాకతిప్పలో బాణసంచా కేంద్రం పేలిపోయింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది రోజుకూలి ఆడవాళ్ళు. 2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో 40 మందికి పైగా. వీటి మీద ఇప్పుడే పిల్లల కథ రాయలేను, వాళ్ళ ఇళ్ళల్లో పచ్చి ఇంకా ఆరలేదు. అందుకే నాకు వందేళ్ళ దూరం కావాలి. ఇదంతా సంపాదకుడితో అనలేదు. సరేనండీ అని పెట్టేశాను.

మూడో ప్రతి చదివి వినిపించినప్పుడు ఎవరూ క్లైమాక్సు అనలేదు. తొమ్మిదో క్లాసు పిల్ల ఒకతె మాత్రం సాయంత్రం ఇంటికి పోకుండా వరండాలో ఆగింది. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్తుంది. చీకటితోనే వ్యాను వస్తుంది, మళ్ళీ చీకటి పడ్డాక దింపుతుంది. "మా అమ్మనడిగాను మాస్టారూ. రెండు తలుపులున్నయ్యంట. ఒకటే తీస్తారంట. రెండోది తీస్తే రొయ్యలు బయటికి పోతయ్యంట." ఆగి, "మాస్టారికి చెప్పమాక, పని పోద్ది అంది" అంది.

ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 38వ సెక్షన్ అగ్ని జాగ్రత్తల గురించే ఉండేదని నేను పాఠంలో చెప్పగలను. ఎవరికైనా ఉత్తరం రాయగలను. రాస్తే తనిఖీ ఎప్పుడొస్తుందో ఏమోగానీ, ఆ తల్లి పేరు బయటికి రావడానికి రెండు రోజులు చాలు. వారం తర్వాత వాళ్ళమ్మ ఎదురుపడితే, "మా పిల్ల ఏందన్నా వాగితే పట్టించుకోబాకండి మాస్టారూ" అంది. పట్టించుకోనమ్మా అన్నాను. ఇంటికెళ్ళి నవలలో పొట్టిదాని తల్లి చేత ఆ మాటే అనిపించాను. అంతకంటే నేను చేసిందేమీ లేదు. మంచిపనో పిరికిపనో మీరే చెప్పండి.

నిజానికి న్యూయార్కులో కూడా అంతా వెంటనే మారిపోలేదు. ఆ రోజు వీధిలో నిలబడి, పనివాళ్ళు కిటికీల్లోంచి దూకడం చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ 1933లో అమెరికా కార్మిక మంత్రి అయింది, అక్కడ మంత్రివర్గంలోకి వచ్చిన మొదటి ఆడమనిషి ఆమే. న్యూయార్కులో విచారణ సంఘం వేసి ఫ్యాక్టరీ చట్టాలు మార్చారు. అవన్నీ పెద్దవాళ్ళ పుస్తకాల్లో ఉన్నాయి, నా నవలలో రెండు పేరాలు. చనిపోయినవాళ్ళ కుటుంబాలు కొన్ని వేసిన సివిలు దావాలు 1914లో రాజీకొచ్చాయి, మనిషికి 75 డాలర్లు. యజమానులకి బీమా డబ్బు అంతకంటే చాలా ఎక్కువ ముట్టింది.

1913లో మాక్స్ బ్లాంక్ తన కొత్త ఫ్యాక్టరీలో పని జరుగుతుండగా తలుపుకి మళ్ళీ తాళం వేసి పట్టుబడ్డాడు. చట్టంలో ఉన్న కనీస జరిమానా వేశారు. నవల ఆ వాక్యంతో ఆపేశాను. పోయిన వారం అవనిగడ్డలో డీటీపీ చేసే కుర్రాడు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ఆఖరి పేజీలో అంకె తప్పు పడ్డట్టుంది. ఇరవై డాలర్లని ఉంది. ఇరవై వేలా?"

తప్పు కాదన్నాను. ఇరవయ్యే.